బొట్లు తుడిచిన కార్డులు

ఏ పెళ్ళిలోనైనా పక్క కుర్చీలోవాళ్ళు "మీరేం చేస్తుంటారండీ" అని అడిగితే "కంప్యూటర్లు" అని ఊరుకుంటాను. నిజం చెప్పడం మొదలుపెడితే విస్తట్లో అన్నం చల్లారిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అట్టడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది. తెరమీద కనిపించేవన్నీ దాని నెత్తిన కూర్చుని బతుకుతాయి, యంత్రంతో నేరుగా మాట్లాడేది మాత్రం అదొక్కటే. ఏదైనా కొత్త రకం యంత్రం ఎదురైతే దానితో ఎలా మాట్లాడాలో కెర్నెల్‌కు నేర్పడం నా పని. ఇదంతా ఓపిగ్గా విన్న మా ఆడపడుచు ఒకసారి "అయితే మా ప్రింటర్ బాగుచేస్తావా వదినా" అంది. చేశాను.

మా కంపెనీ అంటే రుషికొండ దగ్గర కొండమీద ఒక అద్దాల మేడలో రెండు గదులు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. సెలవు అడిగిన ప్రతిసారీ మా మేనేజర్ ఆ కిటికీ చూపించి "జనం దీనికోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు, నువ్వు రోజూ ఊరికే చూస్తున్నావు" అంటాడు. ఆ ఏడు మాత్రం నాకు ఆ యోగం తప్పింది. గాజువాక దాటి పోర్టుకు వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు స్టాక్‌యార్డులో క్రేన్ కంప్యూటర్ పోయిందనీ, కొత్తది పెట్టి నడిపించే పని మాకు వచ్చిందనీ, అది నాదేననీ ఒక సోమవారం పొద్దున్న చెప్పారు.

ఆ యార్డులో ఉండేవి ఉక్కు రేకు చుట్టలు. ఓడ ఎక్కేదాకా అక్కడ వరసలుగా పడి ఉంటాయి. రెండు చుట్టలు ఎక్కిస్తే లారీ నడుం వంగుతుంది. వాటిని ఎత్తి దించేది షెడ్డు కప్పు కింద పట్టాలమీద అటూ ఇటూ నడిచే క్రేన్. దాని పాత కంప్యూటర్‌లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వైర్లన్నీ కొరికి, తామూ పోయి దాన్నీ తీసుకుపోయాయి. నేను వెళ్ళేసరికే యార్డువాళ్ళు దాన్ని తుక్కులో వేసేశారు.

కంప్యూటర్ మార్చడం పెద్ద పనేం కాదు. బాధంతా దాని పక్కనున్న ర్యాక్‌తో. ఎన్నో ఏళ్ళ కిందట ఆటోనగర్‌లో ఒక మహానుభావుడు ఏ పుస్తకమూ చూడకుండా సొంత బుర్రతో తయారుచేసిన ఇనప పెట్టె అది. అందులో ఆరు అరలు, ఆరు కార్డులు. ఒక కార్డు కొక్కేన్ని పైకీ కిందికీ తిప్పే మోటారుది, ఒకటి బ్రేకుది, మిగతావి క్రేన్ నడకవీ, దీపాలవీ, గంటదీ. కార్డులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఒక్కో కార్డు నుంచి ఒక నల్ల కేబుల్ బయల్దేరి, ఆరూ కలిసి ఒకే ఇనప గొట్టంలో దూరి పైకి వెళ్ళిపోతాయి. ఏది ఎక్కడికి వెళ్తుందో చెప్పే చీటీ ఒక్కటీ లేదు.

కంప్యూటర్‌కూ ఇలాంటి కార్డులకూ మధ్య రాకపోకలు నడిచే దారిని మావాళ్ళు బస్ అంటారు. మీ ఇంట్లో పెన్‌డ్రైవ్ గుచ్చగానే అది "నేను ఫలానా, నన్ను ఫలానావాళ్ళు చేశారు" అని పరిచయం చేసుకుంటుంది. అలా పరిచయం చేసుకోవాలన్న మర్యాద ఆ బస్‌లోనే ఉంది. ఆటోనగర్ బస్‌కు అంత పెంపకం లేదు. మూడో అరలో ఎవరు అని అడిగితే "ఉన్నాను" అంటుంది. ఎవరు అని మళ్ళీ అడిగితే మళ్ళీ "ఉన్నాను" అంటుంది. ప్రపంచంలో ఏ కెర్నెల్‌కూ ఈ బస్ తెలియదు, కాబట్టి దీన్ని ఒక కొత్త రకంగా కెర్నెల్‌లో నమోదు చెయ్యాలి.

అలా నమోదు చెయ్యడమంటే పెళ్ళిసంబంధాల దుకాణం తెరవడం లాంటిది. ఒక పక్క కార్డుల జాబితా, ఇంకో పక్క డ్రైవర్ల జాబితా. డ్రైవర్ అంటే ఒక రకం కార్డును నడపడం తెలిసిన చిన్న ప్రోగ్రాం. ఈ కార్డుకు ఈ డ్రైవర్ కుదురుతుందా లేదా అని తేల్చే ముక్క బస్ రాసినవాళ్ళే రాయాలి. కుదిరిందంటే డ్రైవర్ వెళ్ళి కార్డును పలకరిస్తుంది, బాగుంటే కాపురం మొదలవుతుంది. "ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం" అని డ్రైవర్ వాయిదా వేసే సదుపాయం కూడా ఉంది. కెర్నెల్ రాసినవాళ్ళు మన రిజిస్ట్రార్ ఆఫీసు చూసి ఉంటారని నా అనుమానం.

మా మేనేజర్ ఈ ప్రాజెక్టుకు తయారుచేసిన మొదటి స్లైడు మీద పెద్ద అక్షరాలతో "మనిషి మీద ఆధారపడటం: సున్నా" అని ఉండేది. ఆ మనిషి ఎవరో యార్డులో అందరికీ తెలుసు. ర్యాక్ చూసుకునే ఎలక్ట్రీషియన్ మేస్త్రి. యాభై దాటినవాడు, కాంట్రాక్టు మీద ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు ఊరు, అన్నదమ్ములు ఇప్పటికీ వేటకెళ్తారు. ఈయన మాత్రం చిన్నప్పుడే పడవ ఇంజిన్లు విప్పుతూ విప్పుతూ ఇటొచ్చి గాజువాకలో స్థిరపడ్డాడు. ఆయన కాంట్రాక్టు ఏడాదికోసారి దసరా దాటాక కొత్తగా రాస్తారు. నా బస్ తనంతట తాను కార్డుల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టాక ఇంక రాయరు. ఈ సంగతి ఆయనకు చెప్పొద్దని మా మేనేజర్ నాకు గట్టిగా చెప్పాడు. నేను వెళ్ళిన మొదటి రోజే ఆయన అన్న మొదటి మాట ఇది:

"నన్ను పీకడానికి వొచ్చిన మేడమ్‌వి నువ్వేనేటమ్మా? రా, రా. టీ తాగుతావా?"

తాగాను. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు సార్లు తాగాను.

తర్వాత ఆయన ర్యాక్ తలుపు తెరిచి చూపించాడు. ప్రతి కార్డు మీదా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఒక బొట్టు, ఒకదాని మీద మూడు, ఒకదాని మీద మూలకు ఒకటీ మధ్యలో రెండూ. ఆయుధ పూజకు కార్డులన్నీ బయటికి తీసి తుడిచి బొట్లు పెట్టి మళ్ళీ పెట్టడం ఆ షెడ్డు ఆనవాయితీ. క్రేన్ కొక్కేనికి నిమ్మకాయలు కూడా వేలాడుతున్నాయి.

"నీ ఇష్టమొచ్చింది సేసుకోమ్మా. గాని బొట్లు మాత్రం ముట్టుకోకు" అన్నాడు.

ఆ మాట విని లోపల నవ్వుకున్నాను. చదువుకున్నదాన్ని కదా. నమ్మకాలను గౌరవించాలి అని మనసులో ఒక పెద్దమనిషి వాక్యం అనుకుని, ల్యాప్‌టాప్ తెరిచాను.

రెండు వారాల్లో బస్ అస్థిపంజరం నిలబడింది. మా మేనేజర్‌కు హుషారెక్కి, దీన్ని ప్రపంచమంతా వాడే అసలు కెర్నెల్‌లో చేర్పిస్తే స్లైడులో గ్లోబు బొమ్మ పెట్టుకోవచ్చన్నాడు. సరేనని కెర్నెల్ పెద్దలు చూసే మెయిలింగ్ లిస్టుకు పంపాను. ఎక్కడో చలిదేశంలో కూర్చున్న ఒకాయన మర్యాదగా జవాబిచ్చాడు. కోడ్ శుభ్రంగా ఉందన్నాడు. ఇలాంటి ర్యాకులు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయని అడిగాడు. ఒకటి అని రాశాను. తయారుచేసిన సంస్థ ఇంకా చేస్తోందా అని అడిగాడు. ఆయన పోయారు అని రాశాను. విచారం తెలియజేస్తూ, దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి అని రాశాడు. గ్లోబు బొమ్మ మాత్రం స్లైడులోంచి పోలేదు.

అదే వారం మేస్త్రి అన్నగారి కూతురి పెళ్ళికి భీమిలి వెళ్ళాడు. మూడు రోజులు. వెళ్తూ వెళ్తూ మళ్ళీ బొట్ల మాట గుర్తుచేశాడు. నేను తల ఊపాను.

రెండో రోజు మా మేనేజర్ ఫోన్ చేశాడు. ప్రెజెంటేషన్‌కు ర్యాక్ ఫోటోలు కావాలి. తీసి పంపాను. పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్. "ఇదేంటమ్మా, గుడి ఫోటో పంపావు? యంత్రం ఫోటో పంపు. శుభ్రం చేసి తియ్యి. నా దగ్గరవి తీసేశాను, ఆ పాతవి నీ ఫోన్లోంచి కూడా తీసెయ్, పొరపాట్న క్లయింట్‌కు వెళ్తే పరువు పోతుంది." నేను స్పిరిట్ సీసా, దూది తీసుకున్నాను. ఆరు కార్డులూ బయటికి లాగి, పసుపూ కుంకుమా మరక లేకుండా తుడిచి, ఏ అరదాన్ని ఆ అరలోనే పెట్టి, తళతళా మెరుస్తున్న ర్యాక్ ముందు నిలబడి ఫోటో తీసుకున్నాను. పాతవి తీసేశాను. చెప్పిన మాట వినే ఉద్యోగిని కదా.

మేస్త్రి తిరిగొచ్చి తలుపు తెరిచాడు. చేతిలో పెళ్ళివారి లడ్డూల పొట్లం అలాగే ఉండిపోయింది.

"ఓలమ్మో! ఏటమ్మా ఇది? బొట్లేవి?"

"తుడిచాం మేస్త్రిగారూ. ఫోటోల కోసం. రేపు మళ్ళీ పెట్టుకుందాం, దేవుడికి కోపం రాదులెండి."

"దేవుడి సంగతి దేవుడు సూసుకుంటాడు. ఏది బ్రేకో ఇప్పుడు నాకేటి తెలుస్తాది?"

నాకు అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న కార్డులు, ఆయనకు తెలియకపోవడమేమిటి? ఆయన ర్యాక్ ముందు నేలమీద చతికిలబడి, లడ్డూల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, తల పట్టుకుని మెల్లగా చెప్పాడు. ప్రతి దసరాకూ పూజ పేరుతో కార్డులు బయటికి తీసి, తిరిగి పెట్టేటప్పుడు కేబుళ్ళతో సహా అరలు మార్చేస్తాడట. ఏది ఎక్కడ పెట్టాడో బొట్లలో గుర్తు దాచుకుంటాడు. ఏ బొట్టుకు ఏ అర్థమో కూడా ఏటేటా మారుతుంది. పాత కంప్యూటర్ ముందు తిప్పుడు స్విచ్‌లు ఉండేవి, బొట్లు చూసుకుని వాటిని సరిగ్గా తిప్పేవాడు.

"ఎందుకు మేస్త్రిగారూ ఇదంతా?"

"ఎందుకేటమ్మా? కాంట్రాక్టు దసరా దాటాకే గదా రాత్తారు. ఆ టైముకి ఇంకెవడినన్నా తెచ్చి ఎట్టుకుందామనుకుంటే, ఆడొచ్చి క్రేన్ కదపాల గదా? కదపలేడు. నా దగ్గరికే రావాల."

"మీకు గుర్తుండదా?"

"గుర్తుంటే బొట్లెందుకెడతానమ్మా!"

నాకు కోపం రావలసింది. రాలేదు. ఎందుకంటే పక్కన ఒక్క వివరణ వాక్యం కూడా రాయకుండా కోడ్ రాసి, ఎవరికీ అర్థం కాకుండా చేసుకుని, ఏళ్ళ తరబడి ఉద్యోగం నిలబెట్టుకున్నవాళ్ళు మా ఆఫీసులో ఇద్దరున్నారు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. మా దగ్గర దాన్ని సీనియారిటీ అంటారు, ఏడాదికోసారి కేకు కోస్తారు. ఈయన కుంకుమతో చేశాడు, అంతే తేడా.

కానీ పరిస్థితి మాత్రం నిజంగా బాగోలేదు. పొరపాటున కొక్కెం కార్డును బ్రేకు అనుకుని నా డ్రైవర్ మాట్లాడితే, గాల్లో ఉన్న చుట్ట గాల్లో ఆగదు. దాని కింద లారీకి గొలుసులు కట్టేవాళ్ళుంటారు. అప్పటిదాకా నాకు ఆ ర్యాక్ ఒక సరదా లెక్క. ఆ మధ్యాహ్నం మొదటిసారి దాన్ని చూస్తే భయమేసింది.

రెండో శనివారం షెడ్డుకు సెలవు. పట్టపగలు పదకొండు గంటలకు ఇద్దరమే వెళ్ళాం. కొక్కెం నేలమీదికి దింపే ఉంది. మోటార్ల కరెంటు పూర్తిగా ఆపి, తాళం వేసి, తాళంచెవి మేస్త్రి జేబులో వేసుకున్నాడు. కార్డులకు మాత్రం చిన్న కరెంటు. ఇంక కార్డు ఏం చేసినా లోపల రిలే అనే చిన్న స్విచ్ టక్కుమనడం తప్ప బయట ఏమీ కదలదు. ఆ చప్పుళ్ళతో తేలుద్దామన్నది ఆయన ఆలోచన. ఆ రిలేలన్నీ మార్చిందీ, అరగదీసిందీ తనేనట.

నేను ల్యాప్‌టాప్ లోంచి ఒకటో అరకు ఒక మాట పంపాను. టక్. నాకు టక్ అనే వినిపించింది. ఆయన ర్యాక్ పక్క రేకుకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"మళ్ళీ."

టక్.

"ఇది గంట. ఎక్కువ వాడరు దీన్ని, కొత్త పెళ్ళికొడుకులా సప్పుడు సేత్తంది సూడు. రాసుకో."

రెండో అర. టక్. "నడక." మూడో అర దగ్గర చాలాసేపు ఆగాడు. ఆరు సార్లు కొట్టించాడు. నాకు ఆరూ ఒకటే. "బ్రేకమ్మా ఇది" అన్నాడు చివరికి. "రోజంతా కొట్టుకునేది ఇదే గదా. అరిగిపోనాది. సప్పుడు సివర్న తేలిపోతంది, ఇనబడలేదేటి?" వినబడలేదు. నాలుగో అర అయింది, అయిదో అర అయింది. ఆరూ అయ్యాక, మొత్తం మళ్ళీ మొదటినుంచి, నేను వరస మార్చి, ఆయనకు అర నంబరు చెప్పకుండా కొట్టాను. ఒక్కటీ తప్పలేదు. తర్వాత ఖాళీ కొక్కెంతో మెల్లగా నడిపి సరిచూశాం. అన్నీ ఆయన చెప్పినవే.

నాలుగేళ్ళు ఇంజనీరింగు, రెండేళ్ళు మాస్టర్సు చదివి, ఆటోనగర్ బస్‌లో కార్డు పేరు తెలుసుకునే మార్గమే లేదని రిపోర్టు రాసినదాన్ని నేను. ఆయన చెవి ఆనించి చెప్పాడు. నాకు ఆ క్షణం ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో, నా మీద అంత చిరాకు కలిగింది.

ఆ సాయంత్రమే బస్‌లో, ఏ కార్డుకు ఏ డ్రైవరో తేల్చే ఆ ముక్క రాశాను. అయిదు కార్డులకు నా జాబితా ప్రకారం డ్రైవర్లు కుదిరిపోతాయి. బ్రేకు కార్డుకు మాత్రం కుదరదు. కంప్యూటర్ వెలిగించిన ప్రతిసారీ ఆ కార్డు చప్పుడు చేస్తుంది. తెలిసిన మనిషి విని, ఇది బ్రేకే అని పక్కనున్న పచ్చ బటన్ నొక్కాలి. అప్పుడే బస్ తన జాబితా మళ్ళీ చూసుకుని బ్రేకు డ్రైవర్‌ను కలుపుతుంది. అప్పటిదాకా క్రేన్ కదలదు. కార్డులకు స్టిక్కర్లు కూడా అంటించాను, కానీ ఆ షెడ్డు ఎండకు స్టిక్కర్ ఆయుష్షు ఒక్క వేసవి. సగం భద్రత కోసం రాశాను, సగం మేస్త్రి ఉద్యోగం కోసం. ఏ సగం పెద్దదని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

ఈ సంగతి విని మా మేనేజర్ కుప్పకూలాడు. సున్నా పోయి ఒకటి వచ్చింది. స్లైడు మొత్తం పాడైపోయింది. కానీ యార్డు భద్రతాధికారులకు అది తెగ నచ్చేసింది. ఇంత బాధ్యతగల పని కాంట్రాక్టు మనిషితో ఏమిటి, దీనికో శాశ్వత పోస్టే ఉండాలన్నారు. "భౌతిక నిర్ధారణ అధికారి" అని పేరు కూడా పెట్టేశారు. మా మేనేజర్ రెండు రోజుల్లో కోలుకుని, ఉద్యోగాలు సృష్టించే సాఫ్ట్‌వేర్ అని కొత్త స్లైడు చేశాడు. మేస్త్రి నాకు భీమిలి నుంచి రెండు ఎండు వంజరం చేపలు తెచ్చిచ్చాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి దసరా గురించి బెంగలేదన్నాడు.

ఆ పోస్టుకు వివరాల ఫారం యార్డువాళ్ళు నాకే పంపారు, పని ఏమిటో తెలిసినదాన్ని నేనే కాబట్టి. ఇరవై గడులు. పని గురించిన గడుల్లో మనసు పెట్టి రాశాను. చెవి, చప్పుడు, అరిగిన రిలే, అన్నీ. మిగతావి ఖాళీ వదిలేస్తే ఫారం ముందుకు కదలడం లేదు. ఆఫీసు కారు కింద హారన్ కొడుతోంది. మా కంపెనీ ఉద్యోగ ప్రకటన ఒకటి పక్కనే తెరిచి ఉంటే, అందులోంచి ఆ గడులకు తగినవి తెచ్చి అతికించి పంపేశాను.

నెలన్నర తర్వాత మేస్త్రి ఫోన్ చేశాడు. నోటిఫికేషన్ పడిందట, అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టాలట. "నాకెలగొస్తాదమ్మా అది? నువ్వే నింపాల." యార్డు గేటు ముందు టీ బండి దగ్గర కలిశాం. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో ఆధారూ, పదో తరగతి కాగితమూ, ఫోటోలూ. పక్కనే క్రేన్ ఆపరేటర్ నిలబడి "బావా, పెర్మనెంట్ అయిపోతన్నావు, మాకు బిర్యానీ ఎప్పుడు" అని ఏడిపిస్తున్నాడు.

పేరు, ఊరు, పుట్టిన తేదీ నింపాను. అనుభవం గడిలో ఇరవై సంవత్సరాలు అని కొడుతుంటే సంతోషంగా ఉంది. తర్వాత కనీస అర్హత అన్న గడి వచ్చింది. నొక్కితే రెండే రెండు మాటలు కిందికి జారాయి. బి.టెక్ ఎలక్ట్రికల్. బి.టెక్ ఎలక్ట్రానిక్స్.

"టెన్త్ లేదేటమ్మా? కిందకి లాగి సూడు."

లాగాను. కింద ఏమీ లేదు. కింద ఏమీ ఉండదని నాకు తెలుసు. ఆ రెండు మాటలు, వాటి వరసతో సహా, మా కంపెనీ ప్రకటనలోవి. నేను అతికించినవి.

"ఎవుడు రాసేడమ్మా ఇది?"

క్రేన్ ఆపరేటర్ నవ్వు ఆపేశాడు. నేను ఫోన్ వైపే చూస్తూ "పైవాళ్ళు" అన్నాను.

"పోన్లే. నువ్వేటి సేస్తావు" అన్నాడాయన. నా టీకి తనే డబ్బులిచ్చాడు.

సరిదిద్దడానికి ప్రయత్నించలేదని కాదు. మర్నాడే యార్డుకు మెయిల్ పెట్టాను. నోటిఫికేషన్ పడ్డాక అర్హత మార్చడం కుదరదు, మార్చాలంటే పోస్టు రద్దు చేసి మొదటినుంచి రావాలన్నారు. మా మేనేజర్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పోస్టు రద్దయితే సున్నా కూడా మిగలదు, తేనెతుట్టె కదపొద్దన్నాడు. తప్పు నాదేనని యార్డుకు రాయాలనుకున్నాను. రాసి, రెండు రోజులు డ్రాఫ్టులో ఉంచి, పంపలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇదొక్కటే చోటు దొరికింది.

దసరా దాటింది. ఒకే పనికి ఇద్దరెందుకని కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. మేస్త్రి గాజువాక ఇల్లు ఖాళీ చేసి భీమిలి వెళ్ళిపోయాడు, అన్న పడవ ఇంజిన్ చూసుకుంటున్నాడు. కొత్త అధికారి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, పెళ్ళయినవాడు, నెమ్మదస్తుడు. మొదటి రోజే ర్యాక్‌కు చెవి ఆనిస్తే, నాకు వినిపించినట్టే అతనికీ టక్ అనే వినిపించింది. బటన్ నొక్కితే కింద సంతకం తనది. నొక్కలేదు. నాకు ఫోన్ చేశాడు. నేను మేస్త్రి నంబరిచ్చాను.

అప్పటినుంచి అదే ఏర్పాటు. కరెంటు పోయి కంప్యూటర్ మళ్ళీ వెలిగిన ప్రతిసారీ అధికారి ఫోన్‌ను ర్యాక్ రేకుకు ఆనించి పట్టుకుంటాడు. అవతల భీమిలి ఒడ్డున మేస్త్రి వింటాడు. ఉద్యోగం లేదు, పేరు ఏ కాగితంలోనూ లేదు, ఉక్కు చుట్టలు మాత్రం ఆయన సరే అంటేనే లేస్తాయి. పోయిన వారం నేను యార్డులో ఉండగానే కరెంటు పోయింది. అధికారి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. వెనక గాలి చప్పుడు, ఎవరో ఇంజిన్ లాగుతున్న చప్పుడు.

టక్.

"బ్రేకే. నొక్కు బాబూ. కింద మావోళ్ళు లేకుండా సూసి నొక్కు."

నేనూ ఉన్నానని అధికారి చెప్పాడు. మేస్త్రి గొంతు వెలిగింది. "బాగున్నావామ్మా? పిల్లలు బాగున్నారా?" బాగున్నామన్నాను. తర్వాత ప్రతిసారీ అడిగేదే అడిగాడు.

"ఆ బీటెక్కని రాసినోడెవుడో తెలిసిందేటమ్మా?"

అధికారి పచ్చ బటన్ నొక్కాడు. పైన క్రేన్ కదిలింది.

"ఇంకా తెలీలేదు మేస్త్రిగారూ" అన్నాను.